వ్యాన్‌లో ఎన్ని నీళ్లు ఉండాలో ఎవరు చెప్పాలి?

హైదరాబాద్ నుంచి ఒక పాఠకురాలు నాలుగు పేజీల ఉత్తరం రాశారు. పేరు వేయవద్దన్నారు. కుదించి ఇస్తున్నాను.

ఆమెకు 57 ఏళ్లు. పుట్టిల్లు అనంతపురం జిల్లాలో ఒక పల్లె. భర్త ఒక ఫ్యాక్టరీలో మెకానికల్ సెక్షన్‌లో పనిచేసి ఏడాది క్రితం రిటైరయ్యారు. వచ్చిన డబ్బులో కొంత పెట్టి పాత టెంపో ట్రావెలర్ కొన్నారు. సీట్లు తీయించి మంచం, గ్యాస్ పొయ్యి, చిన్న సింకు అమర్చుకుంటున్నారు. దేశం తిరగాలన్న కోరిక ఇద్దరిదీ. గొడవంతా నీళ్ల దగ్గరే వచ్చింది. స్నానానికీ బాత్రూమ్‌కూ సరిపడా రెండు వందల లీటర్ల ట్యాంకు కావాలని ఆమె అడిగారు. అంత బరువు బండి మొయ్యదు, డెబ్బై చాలు, దారిపొడవునా పెట్రోల్ బంకుల్లో బాత్రూమ్‌లు ఉన్నాయిగా అని ఆయన అన్నారు. పెద్ద ట్యాంకే పెట్టుకోండి, కాకపోతే టాపు మీద పెట్టండి అని మరిది సలహా ఇచ్చారు. చివరికి ఆయన పాత సామాన్ల కొట్టు నుంచి డెబ్బై లీటర్ల నీలం రంగు ప్లాస్టిక్ డ్రమ్ము తెచ్చి, వ్యాన్ వెనక భాగంలో అడ్డంగా పడుకోబెట్టి బిగించారు. అందులో ఇంతకుముందు ఏదో కెమికల్ ఉండేదట. "సర్ఫ్ వేసి నాలుగుసార్లు కడిగించాను, ఏమీ కాదు" అన్నారట.

ఆ డ్రమ్ముతోనే బాపట్ల దగ్గర సూర్యలంక బీచ్‌కి మూడు రోజుల ట్రిప్ వెళ్లారు. మిగతాది ఆమె మాటల్లోనే: "ఇంటి దగ్గర నింపుతుంటే సగం కూడా నిండకముందే నీళ్లు వెనక్కి ఎగదన్ని నా చీరంతా తడిసింది. అక్కడికి వెళ్లాక సింకు కుళాయి కాసేపు వచ్చి ఆగిపోయేది, పంపు మాత్రం రొద పెట్టేది. డ్రమ్ము మూత కాస్త వదులు చేస్తే మళ్లీ వచ్చేది. రెండో రోజు పొద్దునకే నీళ్లు అయిపోయాయి. ఒక బడ్డీ కొట్టు వాళ్ల బోరు నీళ్లు పట్టుకున్నాం. ఉప్పగా ఉన్నాయి, సబ్బు నురగ రాలేదు. నేను బయల్దేరే ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తాగడం తగ్గించేశాను. బస్సు ప్రయాణాలప్పటి నుంచి అలవాటు అది. తిరిగొచ్చాక మూత్రంలో మంట, జ్వరం. డాక్టరమ్మ గట్టిగా కోప్పడింది. ఈ సంగతి ఆయనకు చెప్పలేదు. చెబితే 'అందుకే నిన్ను తీసుకెళ్లకూడదు' అంటారేమోనని. 'నువ్వు వ్యాన్‌ని ఇల్లు చేద్దామనుకుంటున్నావు' అన్నారు ఒకరోజు. అప్పటినుంచి నేను వ్యాన్ ఎక్కలేదు. ఆయన అరకు ప్లాన్ వేస్తున్నారు, ఆ తర్వాత రామేశ్వరం అంటున్నారు. చిన్నప్పుడు ట్యాంకర్ వెనకాల బిందె పట్టుకుని పరుగెత్తినదాన్ని. ఊరు కాని ఊళ్లో నీళ్ల కోసం మళ్లీ ఒకర్ని అడుక్కోలేను. నాది మొండితనమా?"

మీది మొండితనం కాదండీ. ముందు రోజు సాయంత్రం నుంచే నీళ్లు తగ్గించుకుని ప్రయాణం చేసిన మనిషి, రెండోసారి అలా చేయలేనంటే దాన్ని మొండితనం అనరు. ఆయన లెక్కలోనూ తప్పు లేదు. లీటరు నీళ్లు అంటే కిలో బరువే. ఆయన బండికి ఎంత తగునో చూస్తున్నారు, మీరు ఒంటికి ఎంత కావాలో చూస్తున్నారు. ఈ రెండు లెక్కలూ ఒక కాగితం మీదకు రాలేదు, అంతే. ఆ కాగితం సంగతికి వస్తాను. అంతకంటే ముందు తేల్చాల్సింది ఒకటుంది.

ఆ డ్రమ్ము తీయించేయండి. మీ ఉత్తరంలో నేను ఖచ్చితంగా ఇలాగే చేయండి అని చెప్పేది ఇదొక్కటే, మిగతావన్నీ మీ ఇద్దరూ ఆలోచించుకోవాల్సినవి. ప్లాస్టిక్ కొన్ని రసాయనాలను తనలోకి పీల్చుకుని, తర్వాత పోసిన నీళ్లలోకి కొద్దికొద్దిగా వదులుతూ ఉంటుంది. సర్ఫ్‌తో నాలుగుసార్లు కాదు, నలభైసార్లు కడిగినా అందులో ఏముండేదో తెలియనప్పుడు ఆ నీళ్లతో అన్నం గిన్నె కూడా కడగకూడదు. తాగునీటికి పనికొచ్చే ఫుడ్ గ్రేడ్ ప్లాస్టిక్ ట్యాంకుగానీ, 304 గ్రేడు స్టెయిన్‌లెస్ స్టీలుతో చేయించిన ట్యాంకుగానీ తీసుకోండి. ప్లాస్టిక్‌ది అయితే వెలుతురు లోపలికి పోని రంగు చూడండి, నాచు పట్టదు.

ఇక మీ సూర్యలంక ట్రిప్. అది చెడింది డ్రమ్ము చిన్నదై మాత్రమే కాదు. డ్రమ్ములోకి గాలి వెళ్లడానికీ బయటికి రావడానికీ దారి లేక. నీళ్లు నింపేటప్పుడు లోపలి గాలి బయటికి పోవాలి. దానికి వేరే దారి లేకపోతే నీళ్లు వచ్చే దారినే పైకి తన్నుకొస్తుంది, మీ చీర తడిసింది అందుకే. వాడేటప్పుడు దీనికి వ్యతిరేకం జరుగుతుంది. పంపు నీళ్లు లాగుతుంటే ఖాళీ అయిన చోటికి గాలి రావాలి. మూత గట్టిగా బిగించి ఉంటే రాదు. కాసేపటికి పంపు లాగలేక రొద పెడుతుంది. మూత వదులు చేస్తే వస్తున్నాయని కనిపెట్టింది మీరే కదా. మెకానికల్‌లో జీవితమంతా పనిచేసిన మనిషికి ఈ ఒక్క ముక్క చాలు, మీరు చూసింది చూసినట్టు చెప్పండి. ట్యాంకు పైభాగం నుంచి ఒక గాలి గొట్టం తీసి, నీళ్లు పోసే మూతి కంటే పైకి లేపి, చివర వంచి, దోమలు దూరకుండా సన్నటి జాలీ కట్టాలి. అర అంగుళానికి తగ్గకూడదు. నీళ్లు పోసే గొట్టం ఒకటిన్నర అంగుళం ఉంటే నింపడం ఇబ్బంది ఉండదు. దానికి తాళం వేసే మూత పెట్టించండి. వ్యాన్ బయట నిలబడి ఎవరైనా తీయగల మూత అది.

ఆ డ్రమ్ము గుండ్రంగా ఉండి పడుకుని ఉండడం వల్ల ఇంకో చిక్కు కూడా ఉంది. నీళ్లు తగ్గాక బ్రేకు వేసినప్పుడో మలుపు తిరిగినప్పుడో నీళ్లన్నీ ఒక పక్కకు పోయి, పైపు గాలి పీలుస్తుంది. పొడవుగా, చదునుగా ఉండి లోపల అడ్డుపలకలున్న ట్యాంకులో ఈ బాధ చాలా తక్కువ. ట్యాంకుకూ పంపుకూ మధ్య ఒక చిన్న జాలీ ఫిల్టరు పెట్టమనండి, ఇసుక నలుసులు పంపులోకి పోకుండా. ఇలాంటి వ్యాన్‌లలో వాడేది 12 వోల్టుల పంపు. కుళాయి తిప్పితే దానంతటదే మొదలవుతుంది, కట్టేస్తే ఆగిపోతుంది. రాత్రి ఎవరూ కుళాయి ముట్టకుండానే అది టకటకమందంటే ఎక్కడో కారుతున్నట్టు.

బరువు విషయానికొద్దాం. రెండు వందల లీటర్లంటే ట్యాంకు బరువు కాకుండానే రెండు వందల కిలోలు, ముగ్గురు పెద్దవాళ్లు ఎక్కి కూర్చున్నంత. అయితే డజను మందిని వాళ్ల సామానుతో సహా మోయడానికి తయారైన బండి అది. సీట్లు కూడా తీసేశారు. కాబట్టి 'మొయ్యదు' అని ముందే తేల్చేయడం సరికాదు. అలాగని మోస్తుందనీ నేను చెప్పలేను, ఎందుకంటే మంచం, ప్లైవుడ్ అలమరాలు, బ్యాటరీలు, సిలిండరు ఎంత తూగుతాయో ఎవరూ చూడలేదు. దీనికి వాదన అక్కర్లేదు. ఊరి బయట లారీలు తూచే వేబ్రిడ్జి దగ్గరకు, సామానంతా సర్దుకుని మీరిద్దరూ కూర్చుని వెళ్లండి. మొత్తం బండి ఒకసారి, వెనక చక్రాలు మాత్రమే ఎక్కించి ఒకసారి తూకం వేయించండి. ఆర్‌సీలో బండి మొత్తం ఎంత బరువుకు మించకూడదో రాసి ఉంటుంది. ఆ అంకెకూ మీ మొత్తం బండి తూకానికీ ఉన్న తేడా మీకు మిగిలిన బరువు. దాన్నంతా నీళ్లకే ఇచ్చేయకండి, బియ్యం బస్తా, బట్టలు, తిరిగొచ్చేటప్పుడు కొనే మామిడితాండ్ర కూడా ఎక్కుతాయి.

మరిది సలహా మాత్రం వద్దు. అసలే ఎత్తయిన బండి, దాని నెత్తిన రెండు వందల కిలోలు పెడితే మలుపుల్లో ఊగిపోతుంది. పైగా నీళ్లు కదులుతాయి. డ్రమ్ము ఇప్పుడున్న చోటు కూడా మంచిది కాదు. మా వ్యాన్‌లో మొదట మేమూ వెనక చక్రాలకు వెనకాలే పెట్టించాం, ఖాళీ ఉన్నది అక్కడే కదా అని. శ్రీశైలం ఘాట్ ఎక్కుతుంటే స్టీరింగ్ తేలికైపోయింది, ముందు చక్రాలు రోడ్డును సరిగా పట్టడం లేదు. దోర్నాల చేరేదాకా నా చేతులు వణుకుతూనే ఉన్నాయి. తర్వాత దాన్ని ముందు, వెనక చక్రాల ఇరుసుల మధ్యకు, నేలకు వీలైనంత దగ్గరగా, మంచం కిందికి మార్పించాం. అదే ట్యాంకు, అవే నీళ్లు, బండి వేరే బండిలా నడిచింది. కాబట్టి ఎన్ని లీటర్లన్నదాని కన్నా ఎక్కడ పెట్టారన్నది ముందు చూసుకోవాలి.

ఇప్పుడు ఆ కాగితం. ఇంట్లోనే రెండు రోజులు కొలవండి. వాడే ప్రతి నీటి చుక్కా గుర్తులు గీసిన బకెట్లలోంచే వాడాలి, ఇద్దరూ. మా ఇంట్లో కొలిస్తే ఇద్దరికీ కలిపి ఇలా వచ్చింది: తాగడానికి, వంటకు 8 లీటర్లు. గిన్నెలకు 6. ముఖం, కాళ్లుచేతులకు 6. బాత్రూమ్‌కు 10. చెంబుతో పొదుపుగా స్నానం మనిషికి 10 చొప్పున 20. మొత్తం 50 లీటర్లు. షవర్ పెడితే ఈ లెక్క పనికిరాదు, మామూలు షవర్ నిమిషాల్లోనే నీళ్లన్నీ తాగేస్తుంది. చెంబు, బకెట్టు మన చేతి అలవాటు, వ్యాన్‌లో అంతకంటే మంచి పరికరం లేదు. అందులో తాగడానికి, వంటకు వాడే నీళ్లు ట్యాంకులోంచి రానక్కర్లేదు. చాలా ఊళ్లలో వాటర్ ప్లాంట్ ఉంటుంది, 20 లీటర్ల క్యాన్లు రెండు విడిగా పెట్టుకోండి. అప్పుడు ట్యాంకు మీద పడేది రోజుకు 42 లీటర్లు. మీ డెబ్బై లీటర్లు రెండో రోజు పొద్దునకే ఎందుకు అయిపోయాయో ఇక్కడే కనిపిస్తుంది. అది కూడా పూర్తిగా నిండని డెబ్బై.

ఈ లెక్కతో మీ ముందు మూడు దారులున్నాయి. వంద లీటర్ల ట్యాంకు మంచం కింద, విడిగా రెండు క్యాన్లు అనుకోండి. స్నానాలతో సహా రెండు రోజులు నిశ్చింత, స్నానం ఎక్కడైనా సత్రంలో కానిస్తే నాలుగు రోజులు. రెండు రోజులకోసారి నింపుకునే చోటు వెతుక్కోవాలి, అంటే అడగాల్సి వస్తుంది. మీకు బాధ కలిగించేది అదే కదా, దాని సంగతి కింద చెబుతాను. రెండోది, మీరు కోరిన రెండు వందలే, కానీ వందేసి లీటర్ల ట్యాంకులు రెండు, మధ్యలో వాల్వు. నాలుగు రోజులు ఎవరినీ అడగనక్కర్లేదు. ఘాట్ ఎక్కేటప్పుడు ఒకటి పూర్తిగా ఖాళీ చేసుకోవచ్చు. నిండు ట్యాంకూ ఖాళీ ట్యాంకూ బండిని అంతగా కదిలించవు, సగం నీళ్లే అటూ ఇటూ కొట్టుకుంటాయి. అరకు వెళ్తే కొండ కింద అవసరానికి ఇరవై లీటర్లు ఉంచుకుని, పైన నింపుకోండి. దీనికి ఖర్చు ఎక్కువ, మంచం కింద సామాను చోటు పోతుంది, వేబ్రిడ్జి ఒప్పుకోవాలి. మూడోది, ఆయన డెబ్బై లీటర్లతోనే సరిపెట్టుకుని, రాత్రిళ్లు లాడ్జిలోనో టూరిజం వాళ్ల హరిత హోటళ్లలోనో దిగడం. బండి తేలిగ్గా ఉంటుంది. కానీ రోజూ గది అద్దె, చీకటి పడేలోపు ఊరు చేరాలన్న టెన్షన్. వ్యాన్ కొన్నది ఇందుకేనా అని రెండో ట్రిప్పుకే ఆయనకే అనిపించవచ్చు. నాకు మొదటిది నచ్చుతుంది. మీ తూకం చీటీలో చోటుంటే రెండోదాన్ని నేను కాదనను.

మూడింటిలో ఏది ఎంచుకున్నా వ్యాన్‌లో ఒక టాయిలెట్ ఉండి తీరాలి. సూట్‌కేసు సైజులో, కింద తీసి పారబోసే ఇరవై లీటర్ల డబ్బాతో దొరికేవి ఉన్నాయి. పెట్రోల్ బంకులు తాగునీరు, మరుగుదొడ్డి ఉచితంగా అందుబాటులో ఉంచాలన్న నియమం ఉన్నమాట నిజమే. కానీ రాత్రి రెండింటికి మీకు అవసరమైతే ఆ నియమం మీ వ్యాన్ దగ్గరకు నడిచిరాదు. మగవాళ్లకు ఈ బాధ తెలియదు, చెబితేనే తెలుస్తుంది. ఈ ఒక్క డబ్బా ఉంటే మీరు ధైర్యంగా నీళ్లు తాగుతారు. దాన్ని ఖాళీ చేయడం మాత్రం సరైన టాయిలెట్‌లోనే, పొలం గట్టునో వాగు పక్కనో కాదు. వాడిన నీళ్లకు కూడా కింద ఒక ట్యాంకు పెట్టించండి. ఎన్ని నీళ్లు ఎక్కించుకుంటే అన్నీ దిగాలి కదా, సబ్బు నీళ్లు అరకు లోయలోనో నల్లమల అడవిలోనో వదిలేసి రావడం మనకు తగదు.

నీళ్లు అడగడం గురించి. మీ పల్లెలో ట్యాంకర్ వెనక పరుగెత్తిన పిల్లకు అడగడమంటే ఏమిటో నేను ఊహించగలను. అప్పుడు మీకు వేరే దారి లేదు, ఇచ్చేవాడి దయ మీద బతకాలి. ఇప్పుడు అలా కాదు. వాటర్ సర్వీసింగ్ చేసే చోట బండి కడిగించుకుని, డబ్బులిచ్చి ట్యాంకు నింపించుకోవచ్చు. డీజిల్ కొట్టించుకున్న బంకులో అడిగితే చాలామంది కాదనరు, కాదంటే ముందుకెళ్తే ఇంకో బంకు ఉంటుంది. సత్రాలకు వంద రూపాయలు హుండీలో వేసి నింపుకుంటాం మేము. ట్యాంకుకు ఎంతుందో చూపించే గేజి పెట్టించండి. నీళ్లు పావు వంతుకు రాకముందే అడగడం మొదలుపెడితే, ఒకరు లేదన్నా గాభరా ఉండదు. అడుక్కున్నట్టు అనిపించేది చివరి చుక్క అయిపోయాక అడిగినప్పుడే.

ఏ నీళ్లు పడుతున్నారో చూసుకోండి. సముద్రం పక్కన బోర్లలో ఉప్పు ఊరుతుంది, సూర్యలంకలో మీరు చూసింది అదే. అలాంటి చోటికి ముందు ఊళ్లోనే నింపుకుని వెళ్లాలి. రెండు మూడు వందల రూపాయల టీడీఎస్ మీటరు ఒకటి కొనండి, నీళ్లలో కరిగిన లవణాలు ఎంతున్నాయో చూపిస్తుంది. తాగునీటికి మన దేశ ప్రమాణం లీటరుకు 500 మిల్లీగ్రాములు, వేరే గతి లేనప్పుడు 2000 దాకా. గిన్నెలకూ స్నానానికీ కాస్త ఎక్కువున్నా ఫర్వాలేదు. కానీ ఆ మీటరు ఫ్లోరైడ్‌ను గానీ, క్రిములను గానీ చెప్పదు. నల్గొండ వైపు, కనిగిరి వైపు, మీ అనంతపురం వైపు బోరు నీళ్ల సంగతి మీకు నేను చెప్పక్కర్లేదు. ఫ్లోరైడ్ కాచినా పోదు. అందుకే తాగే నీళ్లు వేరే క్యాన్లలో అన్నాను. ఇంటి కుళాయి పైపుతో కాకుండా, తాగునీటికి పనికొచ్చే పైపు ఒకటి ట్యాంకు కోసమే ఉంచండి. పట్టేముందు అర నిమిషం నీళ్లు కింద వదిలేయండి.

కొత్త ట్యాంకును మొదటిసారి, తర్వాత రెండు మూడు నెలలకోసారి శుద్ధి చేయాలి. వాసన గానీ రంగు గానీ సబ్బు గానీ కలపని మామూలు బ్లీచ్ ద్రావణం (సోడియం హైపోక్లోరైట్), 5 శాతం ఉన్నది, లీటరు నీటికి ఒక మిల్లీలీటరు. అంటే వంద లీటర్లకు వంద మిల్లీలీటర్లు. ముందు సగం నీళ్లు పట్టి, బ్లీచ్‌ను ఒక బకెట్టు నీళ్లలో కలిపి పోసి, తర్వాత నింపండి. ప్రతి కుళాయీ తిప్పి వాసన వచ్చేదాకా వదలండి, పైపుల్లోకి కూడా చేరాలి. నాలుగు గంటలు ఉంచి మొత్తం వదిలేసి, వాసన పోయేదాకా మంచి నీళ్లతో రెండు మూడుసార్లు కడగండి. స్టీలు ట్యాంకయితే నాలుగు గంటలకు మించి ఉంచవద్దు, తుప్పు పడుతుంది. ట్రిప్ నుంచి రాగానే అడుగున ఉన్న మూత తీసి ఖాళీ చేయండి. నిలవ నీళ్లతో బండిని షెడ్డులో వదిలేస్తే అడుగున జిగురు పడుతుంది.

ఇంకొక్క మాట మీవారికి. సీట్లు తీసి మంచం వేయడం మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ ప్రకారం బండిలో మార్పు కిందకు వస్తుంది. దానికి రవాణా శాఖ అనుమతి, ఆర్‌సీలో నమోదు కావాలి. తయారీదారు ఇచ్చిన రూపానికి భిన్నంగా మార్చడం కుదరదని 2019 జనవరిలో సుప్రీంకోర్టు కూడా చెప్పింది. ఇంకా ట్యాంకులూ టాయిలెట్లూ బిగించకముందే ఆర్‌టీఓ ఆఫీసులో అడిగి, ఇన్సూరెన్స్ వాళ్లకూ తెలియజేయమనండి. ఏదైనా జరిగాక వాళ్లు క్లెయిము ఇవ్వం అంటే బాధపడాల్సింది మీరే.

చివరగా, మీరు దాచిన విషయం. జ్వరంతో కూడిన మూత్రపు మంట చిన్న సంగతి కాదు, కిడ్నీల దాకా పోవచ్చు. అరకు వెళ్లేముందు డాక్టరమ్మకు మళ్లీ చూపించుకోండి, ఈసారి మీవారిని కూడా వెంటపెట్టుకుని. 'అందుకే నిన్ను తీసుకెళ్లకూడదు' అంటారని మీ భయం. ఆయన అలా అనవచ్చు కూడా, భయపడ్డప్పుడు మనుషులు ముందు అలాంటి మాటే అంటారు. కానీ ఆయనకు ఇప్పటిదాకా తెలిసింది మీరు రెండు వందల లీటర్లు అడుగుతున్నారని మాత్రమే. ఎందుకు అడుగుతున్నారో తెలియదు. తెలియకపోతే ఆయనకు అది ఇల్లు కట్టుకునే సరదాలాగే కనిపిస్తుంది. ఆ రెండు రోజుల కొలత కాగితం మీద, 'బాత్రూమ్‌కు 10 లీటర్లు' అని ఉన్న వరుస పక్కనే, మీరు ప్రయాణాల్లో ఎన్ని గంటలు నీళ్లు తాగకుండా ఉండేవారో రాయండి. మాటల్లో చెప్పలేకపోతే కాగితాన్ని ఆయన ముందు పెట్టండి. లెక్కలు చదివే మనిషి కదా, చదువుతారు. వేబ్రిడ్జికి వెళ్లే రోజు మాత్రం మీరూ వ్యాన్ ఎక్కండి. ఆ తూకంలో మీ బరువు కూడా ఉండాలి.